మూడో ప్రకటనకు ముందు

“డిలీట్ కొట్టినా పోవంట కదా. మా పక్కింటి ఎలీసమ్మత్త సెప్పింది. నౌపడలో ఎవరో పెళ్ళికూతురు తుడిచేసిన పాత ఫొటోలు మళ్ళీ బయటికొచ్చీసాయంట.”

ఆమదాలవలస స్టేషను రోడ్డులోని అతని కంప్యూటర్ కొట్టుకి ఆమె మళ్ళీ రావడం ఏడాది తరవాత ఇదే. బల్ల మీద పెట్టిన పెన్‌డ్రైవు ఒకప్పుడు అతను కొనిచ్చిందే. అందులో ఉన్నవన్నీ వాళ్ళిద్దరి ఫొటోలే.

“నిజమే. పేరే పోతాది, ఫొటో లోపలే ఉంటాది. పూర్తిగా పోవాలంటే దాని మీద మొదట్నుంచి సివరిదాకా సున్నాలు రాయించాలి.”

“రాయించు.”

“గంట పడతాది.”

“కూకుంటాను.”

అతను పెన్‌డ్రైవు గుచ్చాడు. భావనపాడు ఒడ్డున తడిసిన చున్నీ పిండుకుంటూ నవ్వుతున్న ఆమె తెర మీదికొచ్చింది. దాన్ని మూసెయ్యడానికి అతనికి చెయ్యి రాలేదు.

“ఇన్ని కొట్లుండగా నా కాడికే తెచ్చేవేటి?”

“బయటోళ్ళు సూడకూడదని. నీ కాడ ఇంకో కాపీ ఉన్నాదా?”

“లేదు.”

“అబద్దం.”

“ఫోన్లో ఈ ఒక్కటే ఉంది. దీన్ని ఉంచుకోనీ.”

“ఇంకొకడి పెళ్ళాన్నయ్యాక నా ఫొటో నీకెందుకు?”

“సూడకుండా ఉండలేను. ఏటి సెయ్యమంతావు?”

“సర్చిలో పాస్టరుగారు నా పెళ్ళి ప్రకటన రెండు ఆదివారాలు సదివి, అభ్యంతరం ఉన్నోళ్ళు లేచి సెప్పమన్నారు. రెండుసార్లూ వెనక బెంచీలో తల దించుకుని కూకున్నావు. రేపు మూడోసారి సదువుతారు. నోరుంటే అక్కడ లేచి సెప్పు. లేదంటే ఆ సున్నాలేవో ఇప్పుడే రాయించు.”