ఆరిందా అక్కా?

హోటల్ వంటింట్లో నూనె మూకుడు అంటుకుంది. వంట చేస్తున్న అక్క పొయ్యి ఆపేసి, గోడకున్న మంటలార్పే దుప్పటి, ఫైర్ బ్లాంకెట్, లాగి మూకుడు మీద కప్పింది. తమ్ముడు ఒకసారి ఎత్తి చూసి, మళ్ళీ దాని అంచు పట్టుకున్నాడు.

"ఎత్తకురా! ఇందాక నువ్వెత్తితే భగ్గుమంది. గోడమీద బల్లి పక్కవీధికి పారిపోయింది."

"ఆరిందో లేదో చూడొద్దా అక్కా?"

"గాలి తగలకూడదనే కదరా కప్పింది! నువ్వు చూసినప్పుడల్లా దానికి ఊపిరి పోస్తున్నావు. నూనె చల్లారేదాకా వదిలెయ్."

"పొగ రావట్లేదుగా. ఒక్క కొస ఎత్తి చూస్తా."

"ఇంకోసారి లేచిందంటే మనకు హోటలే ఉండదురా!"

"చెయ్యి ఆగట్లేదక్కా."

"నీ మీసం సగం కాలిపోయింది, చూసుకున్నావా?"

"అయ్యయ్యో! ఏదీ?"

"అద్దం బయటుంది, పో."

కాసేపటికి తలుపవతల నుంచి కేక వినిపించింది.

"మీసం నిండుగానే ఉంది కదక్కా!"

"ఉంటుంది. తలుపు గడియ పెట్టేశాను. చల్లారాక పిలుస్తాలే."