తప్పు బ్రేకుదా, సూత్రానిదా

"తాతా, జడత్వం అంటే నీకు తెలుసా?"

నన్నా అడుగుతాండావు మ్మే? దాని పుణ్యానే గదా నా డ్రైవరు పని నిలిచింది!

యాభైల్లో మాట. బనగానపల్లె తట్టు ప్రైవేటు బస్సు తోలుతాంటి. అప్పుడు మీ అవ్వ కడుపుతో ఉండె, మీ నాయన... కాదు కాదు, మీ పెద్దత్త. టికెట్టు నాలుగణాలు, కోళ్లకు ఊరికే.

మా ఊరి ప్రెసిడెంటు ఓబులరెడ్డి బస్సెక్కితే కూర్చోడు. నా పక్కనే చేతులు కట్టుకోని నిలబడతాడు. కమ్మీ పట్టుకుంటే పరువు పోతాదంట.

ఒకనాడు గొర్ల మంద అడ్డమొచ్చె. బ్రేకు తొక్కితి. బస్సు నిలిచె, ప్రెసిడెంటు నిలవలే. పోయి ముందరున్న మామిడిపండ్ల గంపలో పడె. తెల్ల జుబ్బా అంతా రసమే! దెబ్బలేం తగల్లేదులే, తగిలింది మర్యాదకే.

"వీడు కావాలని నన్ను తోసినాడు, పనిలోంచి తీసెయ్" అని బస్సు ఓనరు దగ్గర పంచాయితీ పెట్టె. అప్పుడు లేచినాడు హైస్కూలు సైన్సు అయ్యవారు, దావీదు సారు. ఆ పొద్దు ఆయనా బస్సులోనే ఉండె.

"ఎవరూ తొయ్యలేదండీ. పోతాండే వస్తువు, ఏదో ఒక బలం ఆపేదాకా పోతానే ఉంటాది. బస్సు ఆగితే దాంతో మీ కాళ్లు ఆగినాయి. పైన మిమ్మల్ని ఆపేదానికి ఏమీ లేదు. కమ్మీ పట్టుకోనుంటే అది ఆపేది."

"ఎవురు పెట్టిన రూలు అది? కలెక్టరు సంతకం ఉండాదా?"

"ప్రకృతి రూలండీ."

"ప్రెసిడెంటుకు గూడానా?"

"గొర్లకు గూడా."

ఓనరు తువ్వాలు అడ్డం పెట్టుకోని నవ్వె. నా పని నిలిచె.

ప్రెసిడెంటు ఊరుకుంటాడా? మా పంచాయితీ ఎల్లలో ఆ సూత్రం చెల్లదని తీర్మానం రాయించె. మెంబర్లంతా యేలిముద్రలేసిరి. మర్నాడు బస్సెక్కినాడు సూడు, రెండు చేతులా కమ్మీ పట్టుకోని! నేను అద్దంలో చూసి... ఊ, గేరు మారిస్తి.

నెల తిరక్కముందే సారును యాడికో బదిలీ చేసిరి. ట్రంకు పెట్టెతో నా బస్సే ఎక్కె. "నా వల్లనే గదా సారూ ఇట్లాయె" అంటే, "లేదప్పా, పదేండ్లు ఆ పాఠం చెప్పినా. దాంతో ఒక మనిషికి మేలు జరగడం ఇదే మొదలు" అనె. నాకు కండ్లు మసకలాయె. శానా మెల్లగా తోల్తి ఆ పొద్దు.

బాగా చదువుకో మ్మే. అట్లా లేచి చెప్పే ధైర్యం దేవుడు నీకియ్యాల. చల్లగుండు తల్లీ.