నాలుగింటికి సబ్బు పాఠం

హలో… ఆ, నేనే, బుల్లీ. మీ బావనే. నంబరు పాతదే, గొంతే మారింది. భయానికి.

లేదు లేదు, మీ అక్కకేం కాలేదు. డ్యూటీలో ఉంది… నేనా? వంటింట్లో ఉన్నాను. లోపల గడియ పెట్టుకుని.

ఎందుకంటే ఏం చెప్పను… ముందు కూర్చో. స్టవ్ మీద ఏమైనా ఉంటే కట్టేసి రా… ఆ, ఆగుతాను.

…

వచ్చావా. నీకొక్కదానికే చెప్తున్నాను. మీ అక్క చెవిన వెయ్యనని మాటివ్వు… అలా నిట్టూరుస్తావేం? నేనింకా ఏం చెప్పనే లేదు.

సబ్బు సంగతి… అవును, నువ్వు నేర్పిందే. పొడి చర్మానికి. కొబ్బరినూనె, ఆలివ్ నూనె, కాస్త ఆముదం… ఆ, అదే. ఇవాళ నాలుగింటికి మీ అక్క వార్డు నుంచి పన్నెండుమంది నర్సులు మా ఇంటికొస్తున్నారు. నేను సబ్బు ఎలా చేస్తానో చూసి నేర్చుకోడానికి. హెడ్ నర్సమ్మ హుకుం. నోటు పుస్తకాలు కూడా తెచ్చుకుంటారట.

… సంతోషమేంటి తల్లీ. నాకు చెయ్యడం రాదు.

… రాదంటే రాదు. ఇప్పటిదాకా ఒక్క సబ్బు కూడా నేను చెయ్యలేదు.

… బుల్లీ? లైన్లో ఉన్నావా?

ఆ… మరి మీ అక్కకి ఇచ్చినవా? అవి కొట్టువి. చంటిపిల్లల సబ్బులు. మందులషాపులో డజన్ల లెక్కన తెచ్చి, తురిమి, వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించి, కాస్త ఓట్స్ పొడి కలిపి స్టీలు డబ్బాలో పోస్తున్నాను. గట్టిపడ్డాక ముక్కలు కోస్తాను… కోత మాత్రం నాదే. ఇరవై ఆరేళ్ళు పుస్తకాలు బైండింగ్ చేసిన చెయ్యి. అంచులు చూస్తే నువ్వే మెచ్చుకుంటావ్. పైన చుట్టే కాగితం మడత కూడా…

సరే, నవ్వు. తీరిగ్గా నవ్వు. మందులషాపు అతనూ నవ్వుతున్నాడు. ఈ వయసులో కవలలా మాస్టారూ అని అడిగాడు మొన్న.

… మొదట నిజంగానే చేద్దామనుకున్నాను, ఒట్టు. ప్రెస్సు మూసేసిన కొత్తలో. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కేది. మీ అక్క చేతులేమో అప్పటికే పగిలిపోయి ఉన్నాయి. ఒక్కో రోగిని ముట్టుకున్నప్పుడల్లా కడుక్కోవాలి కదా, రోజుకి యాభైసార్లో అరవైసార్లో. వేళ్ళ కణుపుల దగ్గర నెత్తురు వచ్చేది. కాస్త ఉప్పు తగిలితే చాలు, చెయ్యి వెనక్కి లాక్కునేది. అది చూళ్ళేకే నీకు ఫోన్ చేశాను.

నువ్వు చెప్పిందంతా కాగితం మీద రాసుకున్నాను. గ్లవ్స్ వేసుకున్నాను. కిటికీలు తీశాను. కాస్టిక్ సోడా గ్రాము తేడా లేకుండా తూచాను. నీళ్ళలో సోడా వెయ్యమన్నావా… నేను సోడాలో నీళ్ళు పోశాను.

… తెలుసు. ఇప్పుడు తెలుసు… బుస్సుమని లేచింది. పొంగి గట్టంతా పారింది. ఆ మరకలు ఇప్పటికీ పోలేదు, కూరలు కోసే చెక్క అడ్డం పెట్టాను… నాకేం కాలేదు. కళ్ళద్దాలుండబట్టి బతికిపోయాను. కానీ మళ్ళీ ఆ సోడా డబ్బా ముట్టుకోలేదు బుల్లీ. అంతా కడిగి, కిటికీ దగ్గర నిలబడి ఊపిరి తీసుకునేసరికి మీ అక్క వచ్చే వేళయింది.

ఆ పొద్దున వెళ్తూ వెళ్తూ తనేమందో తెలుసా? మా ఆయన నా కోసం సబ్బు చేస్తున్నాడని వార్డులో అందరికీ చెప్తానంది. అప్పటికి నా ఉద్యోగం పోయి మూడు వారాలు. అంత సంబరంగా తను ఇంటికొస్తుంటే, ఇది కూడా చేతకాలేదని ఎలా చెప్పను? సందు చివర షాపుకి పరిగెత్తాను.

… ఆ, నెల ఆరబెట్టాలన్నావుగా, ఆ నాటకం కూడా ఆడాను. రోజూ ముక్కలు తిప్పి పెట్టేవాణ్ణి. తను నా వెనకాలే నిలబడి చూసేది.

నెలయ్యాక మొదటి ముక్క ఇచ్చాను. కొన్నాళ్ళకి చేతులు చాపి, చూడు, మెత్తబడ్డాయి అంది. నిజంగానే మెత్తబడ్డాయి, ముట్టుకుని చూశాను. ఆ రోజు నేను పడ్డ సంతోషం… దొంగ సంతోషమే అనుకో. అయినా ప్రెస్సు మూసేశాక నేను నిమ్మళంగా నిద్రపోయింది ఆ రోజే. ఇంక ఎక్కడ ఆపను? తొమ్మిది డబ్బాలు పోశాను ఇప్పటికి.

… జ్వరమని చెప్పాలా? వచ్చేది నర్సులమ్మా. పన్నెండుమందీ పన్నెండు థర్మామీటర్లు తెస్తారు.

… ఎక్కడికి వెళ్ళిపోను? నిన్న సాయంత్రమే మీ అక్క ఇరుగుపొరుగుని అడిగి కుర్చీలు తెచ్చి పెట్టింది. హాలంతా వరసలు. ఎదురుగా నాకో బల్ల, దాని మీద ఉతికిన గుడ్డ. వీధిలోకి వెళ్ళాలన్నా ఆ కుర్చీల మధ్యలోంచే వెళ్ళాలి. పొద్దున ఒకసారి ప్రయత్నించాను. సగం దూరం వెళ్ళి, అన్నీ నావైపే తిరిగి ఉంటే చూడలేక, మళ్ళీ ఇక్కడికే వచ్చి గడియ పెట్టుకున్నాను.

… ఇప్పుడు నేర్చుకోవాలా? టైము పదకొండున్నర. సోడా ఉంది, అప్పటి డబ్బానే, గట్టుమీదే పెట్టాను. మూత తియ్యబోయి మళ్ళీ బిగించేశాను. వాళ్ళ ముందు మళ్ళీ పొంగితే? ఎవరి మీదైనా పడితే? పోనీ సరిగ్గానే వచ్చిందనుకో, రేపటిదాకా గట్టిపడదు, నెలదాకా వాడకూడదు. నీకు నేను చెప్పేదేముంది.

కొట్టు సబ్బు తురిమితే ఇంకా నయం… ఏం నయం? వచ్చేవాళ్ళలో ఒకామె చంటిపిల్లల వార్డులో పనిచేసిందట. వాసన చూసే పట్టేస్తుంది.

… నా పరువు సంగతి కాదు. నాదేముంది, ఇంట్లో కూర్చున్నవాణ్ణి. మీ ఆయన ఏం చేస్తున్నాడని అక్కడ ఎవరడిగినా మీ అక్క చెప్పేది ఒకటే, సబ్బు చేస్తాడని. ఎంత గర్వంగా చెప్తుందో మొన్న హెడ్ నర్సమ్మే ఫోన్లో నాతో అంది. అది కాస్తా అబద్ధమని తేలితే, అంతమంది ముందు, తన ఇంట్లో, తను వేసిన కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ ముందు… తను రేపు వార్డులోకి ఎలా వెళ్తుంది? చెప్పు.

… చెప్పవేం?

… మళ్ళీ నిట్టూర్పు. ఇందాక కూడా అంతే. నువ్వేదో దాస్తున్నావు.

… పొద్దున నీకు ఫోన్ ఎవరు చేశారు? … మీ అక్కా? వార్డు నుంచా? ఏమని?

… మాటిచ్చానంటావా. ఇందాక నాకూ ఇచ్చావు. ఇద్దరికీ మాటలిచ్చి మధ్యలో నువ్వేం చేస్తావు, ఇంక చెప్పెయ్.

…

… మళ్ళీ చెప్పు. నెమ్మదిగా.

… నీ సబ్బులు పంపుతున్నావా తనకి? పార్సిల్లో? … హాస్పిటల్ అడ్రసుకి. ఎన్నాళ్ళ నుంచి? … ఆర్నెల్లు.

అంటే నేనిచ్చింది తనకి పడలేదు… ఇంకా ఎక్కువ పగిలాయా? … మరి నాకు చూపించిన చేతులు… నీ సబ్బుకి మెత్తబడినవి.

… ఇంట్లో నాదే వాడుతుంది బుల్లీ, నా కళ్ళ ముందే… ఓహో. నేను చూస్తున్నాననా. ఇంట్లో నా సబ్బుతో పాడుచేసుకుని, అక్కడికెళ్ళి నీ సబ్బుతో బాగుచేసుకుంటోందన్నమాట.

… మరి వార్డులో పంచుతానని డబ్బాలకి డబ్బాలు పట్టుకెళ్ళేది? … లాకర్లోనా? అన్నీనా? … కాగితం విప్పి, అందులో నీ సబ్బు చుట్టి ఇచ్చిందా వాళ్ళకి? … అంటే వాళ్ళందరూ మెచ్చుకుంటున్నది… కాగితం మాత్రం నాదే.

… ఎందుకు చెప్పలేదు నాకు? … ఏదో కొలత తేడా పడిందనుకుందా పాపం. ఉద్యోగం పోయిన మనిషి, ఇది కూడా బాగాలేదంటే తట్టుకోలేడనుకుందా…

… ఆ. వింటున్నాను… ఏడ్చిందా? … నాలుగింటికి నేను నేర్పినట్టే చేసుకుంటే వాళ్ళ చేతులూ పగులుతాయని… ఆయన మనసు నొచ్చుకోకుండా ఎలా ఆపాలో చెప్పమని నిన్నడిగిందా? నువ్వేం చెప్పావు? … ఏం చెప్తావులే.

…

… లేదు, ఉన్నాను.

నాకు సిగ్గుగా ఉంది బుల్లీ. చాలా సిగ్గుగా ఉంది. పొద్దున్నించి నేనిక్కడ నా గుట్టు దాచుకోవడానికి గడియ పెట్టుకుని చస్తున్నాను. తనేమో అక్కడ నన్ను కాపాడాలని చస్తోంది. వారం నుంచి తన చేతులు నాకు కనపడనివ్వట్లేదు, నేనది పట్టించుకోనే లేదు… ఏంటి? నీ దగ్గర కూడా సబ్బులు అయిపోయాయా? … ఆరబెట్టినవాటికి ఇంకా పదిరోజులు పడుతుందా. అయితే మళ్ళీ పగిలి ఉంటాయి.

… వద్దు. నువ్వేం సర్దిచెప్పకు. నేనే చెప్తాను, తనకంటే ముందు. తను ముందు చెప్తే ఇది కూడా తను నా కోసం చేసిన పనే అవుతుంది. ఒక్కటైనా నేను చెయ్యాలి కదా.

… ఎలా మొదలుపెట్టాలంటావ్? … అలా కుదరదు, నేను నీలా మాట్లాడలేను…

ఆగు. వీధి తలుపు తాళం తిప్పుతున్నారు.

… మీ అక్కే. పర్మిషన్ పెట్టి వచ్చేసినట్టుంది… ఫోన్ పెట్టెయ్యకు. భయంగా ఉంది నాకు. ఏం మాట్లాడకపోయినా లైన్లో ఉండు.

గడియ తీస్తున్నాను.

… వచ్చావా. తొందరగా… ఆ, ఫోన్లో బుల్లి. ఏం లేదు, ఊరికే… కాదు. ఊరికే కాదు. నువ్వాగు. నువ్వేం చెప్పాలో నాకు తెలుసు, ముందు నన్ను చెప్పనీ.

నీకిచ్చినవి నేను చేసినవి కావు. కొట్టులో కొన్న చంటిపిల్లల సబ్బులు, కరిగించి పోశాను. తొమ్మిది డబ్బాలూ అవే. నిజం సబ్బు మొదటిరోజే నా చేత కాలేదు. ఇదిగో, ఈ చెక్క కింద మరకలు, చూడు. నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. నీ చేతులు ఇన్నాళ్ళూ నా వల్లే పగిలాయి.

…

… బుల్లీ, ఉన్నావా? … మీ అక్క సంచి కూడా కింద పెట్టలేదు. వెళ్ళి ఆ కుర్చీల్లో మొదటిదాంట్లో కూర్చుంది… తెలియదు, తల వంచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఇక్కడి నుంచి కనపడట్లేదు.

… లేచింది. ఇటే వస్తోంది.

…

… బుల్లీ, పెట్టేస్తున్నాను. నాలుగింటి సంగతి మేమిద్దరం కలిసి చెప్పుకుంటాంలే… మీ అక్క రెండు చేతులూ నా మొహం మీద పెట్టింది. గరుగ్గా ఉన్నాయి.