సున్నం గీత లోపల మూడు నెలలు

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న వర్తక సంఘం పెద్ద, కిరాణా కొట్టు మన్మథరావు గారికి, వేదిక మీదున్న కమిషనర్ గారికి, మా చర్చి పెద్దలకు, ముప్పై నాలుగేళ్లు నన్ను భరించిన మున్సిపల్ సిబ్బందికి, ముందు వరసలో కూర్చుని ‘బేగి ముగించండి’ అని కళ్లతోనే చెబుతున్న నా భార్య ప్రేమావతికి, నర్సీపట్నం ప్రజలందరికీ ఈ యేసురాజు నమస్కారాలు. మన్మథరావు గారిని అధ్యక్షులుగా ఎందుకు పెట్టారని కొందరు నన్ను అడిగారు. నన్ను సాగనంపడానికి ఈ ఊళ్లో ఆయనకున్నంత తొందర ఇంకెవరికీ లేదండీ! (నవ్వులు)

మా తగువు మీకు తెలిసిందే. బస్సు కాంప్లెక్సు దగ్గర నుంచి పెదబొడ్డేపల్లి వైపు రోడ్డుకి ఎడమ పక్కన ఐదడుగులు సైకిళ్లకు వదలాలని ఫైలు పెట్టి, కమిషనర్ గారి ప్రాణం తీసి, మూడు నెలల ట్రయలని ఒప్పించి, సున్నం గీత గీయించి, డ్రమ్ములు పెట్టించి, తాడు కట్టించింది వర్క్ ఇన్‌స్పెక్టర్‌నైన నేనే. ఒకే ఒక్క పొరపాటు చేశాను. ఇది సైకిళ్ల దారి అని చెప్పే బోర్డులు రాకముందే తాడు కట్టేశాను.

మన ఊళ్లో రోడ్డు పక్కన సున్నం గీత పడి తాడు కట్టారంటే మంత్రిగారు వస్తున్నారనే కదండీ అర్థం! పొద్దున్న ఏడింటికల్లా తాడు అవతల జనమే జనం. “ఎవులొస్తన్నారండీ?” అని ఒకాయన అడిగితే, “తెల్దు గానీ పెద్దోరే, తాడు కొత్తది” అని పక్కాయన. బ్యాండు మేళం పిలవకుండానే వచ్చేసింది. నేను సున్నం చేతులతో అటూ ఇటూ పరిగెత్తి, “సైకిళ్లకండీ బాబూ, సైకిళ్లకి!” అని మొత్తుకుంటే, “సెక్యూరిటీ కోసం అలాగే సెప్తారులే” అని నాకే కన్ను గీటారు. మన్మథరావు గారైతే పట్టు పంచె కట్టుకుని, గజం పొడవు బంతిపూల దండతో రెడీ! (నవ్వులు. అధ్యక్షులు తల దించుకున్నారు.)

పదింటికి వచ్చింది, మంత్రిగారు కాదు, మా ఆవిడ. సైకిలు మీద.

ఇక్కడొక మాట చెప్పాలి. ప్రేమావతి టీచరుగా పాతికేళ్లు బడికి సైకిలు మీదే వెళ్లింది. పెళ్లైన కొత్తలో ఆవిడ తొక్కితే నేను వెనకాల క్యారియర్ మీద కూర్చునేవాణ్ణి. ఎందుకంటే నాకు సైకిలు రాదు! నవ్వండి, నవ్వండి, ఇన్నాళ్లూ దాచాను. ఎనిమిదేళ్ల క్రితం చెరుకు లారీ ఒకటి ఆవిడ మోచేతిని రాసుకుంటూ పోయింది. ఆ రోజే సైకిలు పెరట్లో పెట్టేసింది. “భయపడ్డావా?” అంటే, “భయం కాదండీ, నాకు సోటేదీ?” అంది. ఫైల్లో నేను ‘రోడ్డు భద్రత’ అని రాశాను. కమిషనర్ గారూ, క్షమించాలి, అది సగమే నిజం. మా ఆవిడ మళ్లీ సైకిలెక్కితే చూడాలనుకున్నాను. అంతే.

ఆవిడ్ని చూడగానే బ్యాండువాళ్లు ఆగలేకపోయారు, వాయించేశారు. మన్మథరావు గారు తెచ్చిన దండ వాడిపోతుందని ఆవిడ మెళ్లోనే వేసేశారు. ఊరంతా చప్పట్లు! మర్నాడు పొద్దున్న ఆయన కొట్టు తీసి చూసుకుంటే, కొట్టు ముందు బండి ఆపడానికి చోటు లేదు. “ఏటండీ రాజుగారూ ఇది! బండి ఆగితేనే కదండీ బేరం!” అని ధర్నాకి దిగారు. బేరం తగ్గిన మాట నిజమే. ఇక ఊరు ఊరుకుంటుందా? తాడు మీద బట్టలు ఆరేశారు, ఒకాయన గేదెని కట్టేశాడు, ఒక డ్రమ్ము పెళ్లివారింటికి నీళ్లకెళ్లి, కడిగించుకుని మరీ తిరిగొచ్చింది.

ఇప్పుడు అసలు రహస్యం. అధ్యక్షులు గారూ, కోప్పడకండి, రిటైరైపోయాను కదా, చెప్పేస్తున్నాను. ఊరు లేవకముందు ఆ గీత లోపల సైకిలు నేర్చుకుందామని వెళ్లి, సరిగ్గా ఈయన కొట్టు ముందే డ్రమ్ముతో సహా పడ్డాను. షట్టరెత్తి ఈయనే లేపారు. ఆ రోజు నుంచి నలభై రోజులు, అరవై రెండేళ్ల నన్ను ఎక్కించి, క్యారియర్ పట్టుకుని వెనకాల పరిగెత్తింది ఎవరనుకున్నారు? ఈ మన్మథరావు గారే! “కిందకి సూడకండి, ముందుకి సూడండి! రేపు ఈ తాడు పీకించకపోతే నా పేరు మన్మథరావే కాదు! తొక్కండి, తొక్కండి!” (పెద్ద నవ్వులు. చప్పట్లు.)

మూడు నెలల ట్రయలు ఈ రోజుతో సరి, రేపు పదింటికి కౌన్సిల్ మీటింగు. రెండు వందల సంతకాల అర్జీ ఈయన జేబులోనే ఉంది. అది అందితే తాడు తీసేస్తారు, ప్రేమావతి సైకిలు మళ్లీ పెరట్లోకి పోతుంది. నేను కుర్చీ దిగిపోయాను, అడిగే హక్కు లేదు. అయినా అడుగుతున్నానండీ. ఇంకో రెండు నెలలు...

(అధ్యక్షులు లేచి) “రెండు నెల్లే. ఆ పైన ఒక్క రోజు ఒగ్గను. బండ్లు ఆగడానికి నా కొట్టు ముందర రెండు బారల తాడు ఇప్పించాల.”

విప్పిస్తానండీ, రేపే విప్పి... అయ్యో, నేను రిటైరయ్యాను! కమిషనర్ గారూ, విన్నారు కదా, రాయించుకోండి! (చప్పట్లు)

నన్ను నవ్వించినవాళ్లకీ, తిట్టినవాళ్లకీ, వెనకాల పట్టుకున్న ఆ ఒక్క చేతికీ నా కృతజ్ఞతలు. బయట సైకిలు ఉంది. ఈ రోజు నేను తొక్కుతాను, ప్రేమావతి వెనకాల కూర్చుంటుంది. బేలెన్సు వచ్చింది గానీ బ్రేకు ఇంకా పూర్తిగా రాలేదు. గేటు దగ్గరున్నవాళ్లు దయచేసి తప్పుకోండి. సెలవు.