నెలనెలా అందే కబురు

వేదిక మీద పెద్దరికంగా కూర్చున్న మా అధికారి గారికి, ఆయన పక్కన ఇందాకటి నుంచి గడియారం చూసుకుంటున్న ప్లీడరు గారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక గోడకానుకుని నిలబడ్డ మా డ్రైవరుకి, నాతో కీచులాడుతూ, నా టీలో సగం తాగేస్తూ ఇన్నేళ్ళు గడిపిన మా సెక్షను వాళ్ళందరికీ నమస్కారం.

రిటైరైపోతున్నాను కదా అని ఇందాక మాట్లాడినవాళ్ళు నన్ను మరీ ఆకాశానికెత్తేశారు. స్టెనో గారైతే నేను ఎవరి మీదా గొంతు పెంచి ఎరగనన్నారు. (నవ్వులు) నవ్వండి, నవ్వండి. పాపం, ఆయన చెవులు ఒకసారి డాక్టరుకి చూపించండి.

బయటివాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి మా పనేమిటో చెబుతాను. ఆలుబిడ్డల్ని వదిలేసిన మనిషిని నెలనెలా భరణం ఇమ్మని ఇక్కడి కోర్టు ఉత్తర్వు ఇస్తుంది. అతగాడు సరిహద్దు దాటి పక్క రాష్ట్రంలో ఉద్యోగం చూసుకుంటాడు. ఆ ఉత్తర్వును అక్కడి కోర్టుకు పంపి, అతని జీతంలోంచి కోయించి, ఇక్కడి తల్లీబిడ్డలకు అందేలా చూడటం మా పని. చెప్పినంత తేలిక కాదండీ. సరిహద్దు వంతెన దాటాడో లేదో ఆరడుగుల మనిషి మాయమైపోతాడు. 'సదరు వ్యక్తి ఈ చిరునామాలో లేడు' అని కాగితాలు తిరిగొస్తాయి. మళ్ళీ పంపుతాం, మళ్ళీ వస్తాయి. ఇది చూసే మా డ్రైవరు నాకు 'బోర్డరక్క' అని పేరు పెట్టాడు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే నన్ను కాదనుకుని వెళ్ళిపోతున్నాను.

అధికారి గారు ఒక మాటన్నారు. 'ఆవిడ అయినవాళ్ళని కూడా వదల్లేదు, పని పనే' అని. మంచికే అన్నారు, కానీ నాకు ఎక్కడో గుచ్చుకుంది. సగంమందికి తెలియని సంగతి కనుక, పోతూ పోతూ నేనే చెప్పేస్తాను.

చాలా ఏళ్ళ కిందట మా కిటికీ దగ్గర చంటిపిల్లనెత్తుకుని ఒకామె నిలబడింది. తలెత్తి చూస్తే మా మరదలు, మా తమ్ముడి భార్య. "కూర్చోమ్మా" అన్నాను. కూర్చోలేదు. "నాకేం వద్దండి. పిల్లకి ఇమ్మని కోర్టు చెప్పింది. ఆయనెక్కడున్నాడో నాకు తెలీదు. మీకు తెలిస్తే చెప్పండి, లేదంటే లేదనండి, వెళ్ళిపోతాను" అంది.

నాకు తెలుసు. మా అమ్మ వాడి దగ్గరే ఉండేది, ప్రతి ఆదివారం ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. వాడు నేను చంకనేసుకుని పెంచిన తమ్ముడు. కానీ ఆ పిల్ల మాత్రం మా ఇంటి పిల్ల కాదూ? నోట్లో వేలు పెట్టుకుని నన్నే చూస్తోంది, అచ్చం వాడి కళ్ళే. వాడి ఇంటి నంబరూ, పనిచేసే ఫ్యాక్టరీ పేరూ చెప్పేశాను. అయినవాళ్ళ ఫైలు నేను ముట్టుకోకూడదు కదా, అది పక్క టేబులు చెల్లెమ్మకు అప్పగించాను.

జీతంలో కోత మొదలవగానే అమ్మ ఫోన్ చేసింది.

"వాడి అడ్రస్ నువ్వే ఇచ్చావటే?"

"నేనే ఇచ్చానమ్మా."

"సొంత తమ్ముణ్ణి పట్టిచ్చి ఏం బావుకున్నావే! ఇంక నాకు ఫోన్ చెయ్యకు."

నేను చేశాను. ఆవిడ తియ్యలేదు. పోయేదాకా తియ్యలేదండీ.

అమ్మ పోయిందని వాళ్ళ పక్కింటావిడ చెబితే బస్సెక్కి పరిగెత్తాను. అప్పటికే అన్నీ అయిపోయాయి. వాడు గుమ్మంలో నిలబడి, "రా అక్కా. మా అడ్రస్ నీకు బాగా తెలుసుగా, వెతుక్కునే పనేముంది" అన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఇల్లు మారాడు, ఫోన్ నంబరు మార్చాడు. ఊళ్ళోవాళ్ళ మొగుళ్ళందర్నీ వెతికి పట్టుకున్నాను గానీ, నా తమ్ముడు ఏ వీధిలో ఉంటున్నాడో నాకు తెలీదు. వెతికితే దొరుకుతాడు. కానీ నేను వెతుకుతున్నానని తెలిస్తే ఈసారి ఉద్యోగం కూడా వదిలేసి పోతాడేమో, పిల్ల నోటి దగ్గర కూడు పోతుందేమోనని భయం.

భరణం మాత్రం నెలనెలా వస్తూనే ఉంది. వచ్చిందంటే వాడు పనిలోకి వెళ్తున్నాడన్నమాట, లేచి తిరుగుతున్నాడన్నమాట. నాకు వాడి గురించి అందే కబురు అదొక్కటే. పోయినేడాది ఒకసారి ఆలస్యమైతే నాకు అన్నం సయించలేదు. "ఎవరి ఫైలక్కా, అంత గాభరా పడుతున్నావు?" అని మీరంతా ఆటపట్టించారు. అదిగో, ఆ ఫైలే ఇది.

తప్పు చేశానని నేననుకోను. ఆమె మళ్ళీ వచ్చి నిలబడితే మళ్ళీ అదే చెబుతాను. కానీ అమ్మ గుర్తొచ్చినప్పుడు ఏడుపాగదు, ఏం చెయ్యను?

చెల్లెమ్మా, ఇన్నేళ్ళూ ఆ ఫైలు గురించి నువ్వు నన్ను ఒక్క మాటా అడగలేదు. ఇప్పుడు నేనే ఒకటి అడుగుతాను. భరణం వచ్చిన రోజున నాకో ఫోన్ కొట్టు. ఎంత వచ్చిందో, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఏమీ వద్దు. "వచ్చిందక్కా" అను, పెట్టెయ్యి. అధికారి గారూ, ఈ ఒక్క ముక్క మీరు వినలేదనుకోండి. (నవ్వులు) మరదల్నే అడగొచ్చుగా అంటారేమో. ఆమె ముందు వాడి ఊసెత్తడానికి నాకు ముఖం చెల్లదు.

ఎంతో కాలం కాదులే, చెల్లెమ్మా. వచ్చే వేసవికి మా మేనకోడలికి పద్దెనిమిది నిండుతాయి. ఉత్తర్వు అంతటితో సరి. ఆ తర్వాత నువ్వు ఫోన్ చెయ్యక్కర్లేదు. నేనూ ఎదురుచూడను.

అబద్ధం. చూస్తాను.

ఓపిగ్గా విన్నారు, మీ అందరికీ రుణపడి ఉంటాను. టీ చల్లారిపోతోంది, లేవండి. బోర్డరక్కకి ఇక సెలవు.