మార్తమ్మ చనిపోయిన వ్యాసం

అంబాజీపేట దగ్గర ఒక హైస్కూలు. భోజనాల బెల్లు కొట్టేక స్టాఫ్ రూములో తెలుగు మాష్టారు నతానియేలు ఒక్కరే ఉన్నారు. పాత విద్యార్థి బెన్నీ వాళ్ళమ్మ మార్తమ్మ ఎదురుగా నిలబడి ఉంది.

“అంటే, నేను చచ్చిపోయేనాండీ మాష్టారూ?”

“కూర్చోండమ్మా. ముందు కూర్చోండి.”

“చచ్చిపోయినోళ్ళు ఎక్కడ కూర్చుంటారండీ. నిన్న మా పక్కింటి హారిక బడి నుంచి వస్తూనే, ‘ఆంటీ, మీరు పోయేరంట, బెన్నీ అన్నయ్య రాసేడంట. మాష్టారు చదివితే క్లాసంతా ఏడ్చేరు. నాకు నవ్వొస్తే బయట నిలబెట్టేరు’ అంది.”

“ఆ పిల్లేనా... అవును, నేనే నిలబెట్టేను.”

“మరి నవ్వదాండీ. పొద్దున్నే దానికి జడేసి పంపింది నేనే.”

“అమ్మా, నాకు నిజంగా తెలీదు. మీటింగులకి ఎప్పుడూ వాళ్ళ నాన్నగారే వచ్చేవారు. వాడు బాధపడతాడని నేను మీ ఊసే ఎత్తలేదు. వాడు తొమ్మిదిలో అమ్మ మీద రాసిన వ్యాసం అది. ఏటా కొత్త క్లాసుకి అదే నా మొదటి పాఠం. గైడు చూసి రాయకండి, మీకు జరిగింది రాయండి, ఇదిగో ఈ బెన్నీలా, అని...”

“ఆయ్. జరిగిందే రాసేడన్నమాట.”

“వాడు నన్ను మోసం చేసేడమ్మా.”

“మిమ్మల్నా. చంపింది నన్నండీ.”

“మీకెలా చెప్పను. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసింది నేనే మొదలు. గైడు మాటలు బట్టీపట్టి గట్టెక్కినవాణ్ణి. నా పిల్లలైనా సొంత జ్ఞాపకం రాయాలనుకున్నాను. జ్ఞాపకంలోంచి రాసేవాడు అబద్ధం ఆడలేడని నమ్మేను. ఇన్ని క్లాసుల ముందు కళ్ళు తుడుచుకున్నాను, మార్కుల కోసం అల్లిన కథకి. అది రాసిచ్చిన రోజు దగ్గరికి పిలిచి తల నిమిరేను. అప్పుడైనా నోరు విప్పలేదు వెధవ.”

“అందులో నేనేం చేస్తుంటానండీ?”

“అంటే?”

“పోయేముందండీ. ఏదో ఒకటి చేసుంటాను కదా.”

“కాలవలో నానేసిన కొబ్బరి డొక్కలు కొట్టి పీచు తీస్తుంటారు. ఆ కంపు ఒంటికి పట్టేసిందని బడి లోపలికి రారు. అన్నం గిన్నె గోడ మీద పెట్టి వెళ్ళిపోతారు. తోటి పిల్లలు ‘ఎవర్రా ఆవిడ’ అంటే కొడుకు ‘ఎవరో’ అంటాడు. అది మీకు వినపడుతుంది. అయినా మర్నాడు మళ్ళీ గిన్నె తెస్తారు.”

“పెళ్ళైన కాణ్ణుంచీ నేను మిషను మీద జాకెట్లు కుట్టుకుంటున్నానండి. పీచు పని నాకు చేతకాదు. వాడికి మధ్యాహ్నం బడి భోజనమే.”

“చూసేరా. అంతా కల్పనే.”

“మరి మీకు ఏడుపెందుకొచ్చిందండీ?”

“మా పేటలో అమ్మలందరూ అంతేనమ్మా. మా అమ్మా పీచు తీసేది. అందుకని చదివినప్పుడల్లా... పోనీలెండి.”

“మీ అమ్మగారు ఎప్పుడు పోయేరండీ?”

“ఆ ఏడే. వాడు తొమ్మిదిలో ఉండగానే. ఎందుకు?”

“సమాధి చేసిన మర్నాడే బడికొచ్చేసేరంట కదండీ.”

“వచ్చేను. ఇంట్లో ఉండలేక వచ్చేను. ఆ రోజు ఏం పాఠం చెప్పేనో కూడా గుర్తు లేదు. మీకెవరు చెప్పేరు?”

“నిన్న సాయంత్రం కాకినాడలో ఉన్న మా బెన్నీకి ఫోన్ చేసి దులిపేసేనండి, బతికుండగా నన్నెందుకు చంపేవురా అని. ‘అది నువ్వు కాదమ్మా’ అన్నాడు. ‘ఆ రోజు మాష్టారు పుస్తకం తియ్యలేదు. పీరియడంతా వాళ్ళమ్మ గురించే చెప్పేరు. మా అమ్మ, మా అమ్మ అంటూ ఆయన చెప్పింది చెప్పినట్టే రాసిచ్చేను’ అన్నాడు.”

“నేనా? నేను చెప్పేనా?”

“‘మరి ఆ ముక్క ఆయనతో అనకపోయేవా’ అన్నానండి. ‘అనడమెందుకమ్మా, తల నిమిరేరు కదా, వాళ్ళమ్మని గుర్తుపట్టేరనుకున్నాను’ అన్నాడు.”