ఆగిపోయిన లిఫ్టులో

ఊరి నడిబొడ్డునున్న ఆఫీసు మేడలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల సూటు వేసుకున్న ఆయన, బేస్‌బాల్ టోపీ పెట్టుకున్న ముసలావిడ ఇద్దరే ఉన్నారు.

“కంగారు పడకు బాబూ, మెకానిక్ వస్తున్నాడటగా. మన ఊరి జట్ల ఆటలు చూస్తావా?”

“అప్పుడప్పుడూ.”

“బాస్కెట్‌బాల్ వాళ్లకి ఒళ్లంతా పొగరే. చలికాలమంతా గెలిచి, తీరా కప్పు దగ్గర చేతులెత్తేస్తారు. బేస్‌బాల్ వాళ్లు అలా కాదు, పాపం, మొదటి రోజునుంచే ఓడిపోతారు. నాకు వాళ్లే ఇష్టం. ఆ జట్టునే మొత్తంగా వేరే ఊరికి పంపేస్తారట, నిజమేనా?”

ఆయన అత్యవసర బటన్ మళ్లీ నొక్కాడు. లిఫ్టు కదల్లేదు.

“ఆ జట్టు నాదేనమ్మా. పైకి ఆ కాగితాల మీద సంతకం పెట్టడానికే వెళ్తున్నా.”

“ఎందుకు పంపేస్తున్నావ్?”

“స్టేడియానికి ఎవరూ రావట్లేదు.”

“నేను నలభై ఏళ్లుగా వస్తున్నాగా. నువ్వే కనబడలేదు.”